అక్టోబర్ 10 బతుకమ్మ: వాతావరణం, ప్రయాణాలపై కార్యకర్తల చర్చ

రవాణా బృందం నుంచి:

అందరికీ నమస్కారం. ఈసారి ఎంగిలిపూల బతుకమ్మ శనివారం నాడే, అక్టోబర్ 10న వచ్చింది. పండుగను వారాంతానికి మార్చుకోకుండా అమావాస్య నాడే షికాగోలో ఆడబోతున్నామంటే నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే అది కొలంబస్ డే సెలవు వారాంతం. పైగా మర్నాడు షికాగో మారథాన్. 50 వేల మందికి పైగా పరుగెత్తే పోటీ, వాళ్ల కుటుంబాలు అదనం. మామూలు రోజుల్లో ఒక విమానం రద్దయితే తరువాతి దానిలో చోటు దొరుకుతుంది. ఆ శుక్రవారం దొరకదనే అనుకుని ఏర్పాట్లు చేసుకుందాం.

కాబట్టి నా విన్నపం ఇది: పాడేవారు, వేదిక బాధ్యతలున్నవారు, పెద్దవాళ్లు ఎవరూ శుక్రవారం రాత్రి విమానం పెట్టుకోవద్దు. గురువారమే వస్తే మేలు. కుదరకపోతే శుక్రవారం ఉదయం మొదటి విమానం ఎక్కండి. షికాగో ఓహేర్ విమానాశ్రయంలో మబ్బులు కిందికి దిగినా, గాలివాన వచ్చినా గంటకు దిగనిచ్చే విమానాల సంఖ్య తగ్గిస్తారు. అప్పుడు ఇటు రావలసిన విమానాలను బయలుదేరే ఊళ్లోనే ఆపేస్తారు. డాలస్‌లో ఎండ కాస్తున్నా విమానం కదలకపోవడం అందుకే. ఉదయం మొదలైన ఆలస్యం సాయంత్రానికి పోగుపడుతుంది. మొదటి విమానం చాలావరకు ముందు రాత్రే వచ్చి నిలిచి ఉంటుంది కనుక దానికి ఆ బెడద తక్కువ.

డాలస్ పాటల బృందానికి ఇంకో మాట. అక్కడ మే తరువాత వానలు బాగా పడే నెలల్లో అక్టోబర్ ఒకటి. ఉత్తరం నుంచి దిగే చల్లగాలి, మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చే తేమ కలిస్తే ఉరుముల వాన. మెరుపులు దగ్గరికి వస్తే సామాను ఎక్కించే సిబ్బందిని సైతం లోపలికి పిలిచేస్తారు. మైకులు, డోలక్‌లు సామానులో వేసేవాళ్లు ఒక పూట ముందే బయలుదేరండి.

పడమటి తీరం నుంచి వచ్చేవారికి దిగులు తక్కువే. శాన్ ఫ్రాన్సిస్కోలో ఏడాదిలో వెచ్చని రోజులు ఇవే, కానీ తెల్లవారుజామున మబ్బు కమ్మితే అక్కడ రన్‌వేలు బాగా దగ్గరగా ఉండటం వల్ల రాకపోకలు నెమ్మదిస్తాయి. కార్చిచ్చుల పొగ మీద కూడా ఒక కన్ను వేయండి. డెన్వర్ నుంచి కారులో వచ్చేవాళ్లు మాత్రం దుప్పట్లు, నీళ్లు పెట్టుకోండి; అక్టోబర్‌లో మంచు కురవడం అక్కడ కొత్త కాదు.

పూల బృందం నుంచి:

అన్నా, మనుషుల ప్రయాణం సరే, పూల సంగతి కూడా పట్టించుకోవాలి. తంగేడు ఇక్కడ దొరకదు. మినియాపోలిస్ అక్కయ్యలు పెరట్లో పెంచుతున్న గునుగు, సీతజడ, బంతి మీదే మన పెద్ద బతుకమ్మ ఆధారపడి ఉంది. ఆ శివారుల్లో అక్టోబర్ మొదటి రెండు వారాల్లోనే రాత్రి ఉష్ణోగ్రత 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగడం మామూలే. అంత చలి ఒక్క రాత్రి తగిలినా బంతి, గునుగు నల్లబడి వాలిపోతాయి. చామంతి కొంత ఓర్చుకుంటుంది.

మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉన్న రాత్రే ఎక్కువ ప్రమాదం, నేలలోని వేడి పైకి పోతుంది. అలాంటి రాత్రి ఉందని తెలిస్తే సాయంత్రమే పాత దుప్పట్లు కప్పి, పొద్దున ఎండ రాగానే తీసేయండి. ప్లాస్టిక్ పట్టా ఆకులకు ఆనితే ఆనిన చోటే మాడిపోతాయి. రెండు రాత్రులు వరుసగా ఉంటే కోసి, కాడలు నీళ్ల బకెట్లలో పెట్టి బేస్‌మెంట్‌లో ఉంచండి. గునుగు ఎండినా రంగు నిలుస్తుంది, అద్దకానికి పనికొస్తుంది.

షార్లెట్ నుంచి వచ్చే కుటుంబం:

మేము మూడు కుటుంబాలం రెండు కార్లలో రావాలనుకుంటున్నాం. ఆష్‌విల్, నాక్స్‌విల్ మీదుగా రావడం మంచిదేనా? మా అత్తగారికి 74 ఏళ్లు, ఎక్కువసేపు కూర్చోలేరు.

రవాణా బృందం నుంచి:

వదినా, ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. తుఫాను అంటే తీరం వాళ్ల సమస్య అని మనలో చాలామంది అనుకుంటారు. 2024 సెప్టెంబర్ 26 రాత్రి హెలీన్ ఫ్లోరిడాలో తీరం దాటింది. మర్నాటికి తీరానికి ఎంతో దూరాన, కొండల్లో ఉన్న ఆష్‌విల్ మునిగింది. ఉత్తర కరొలైనా, టెనెసీ సరిహద్దు దగ్గర పిజన్ నది లోయలో, మీరు అడిగిన దారిలోనే ఉన్న ఐ-40 రహదారి కొట్టుకుపోయింది. దాన్ని 2025 మార్చిలో ఒక్కో వైపు ఒక్కో వరుసతో తిరిగి తెరిచారు. అదే 2024లో మిల్టన్ తుఫాను అక్టోబర్ 9న, సరిగ్గా బతుకమ్మ రోజుల్లోనే, ఫ్లోరిడాను తాకితే టాంపా, ఓర్లాండో విమానాశ్రయాలు మూసేశారు. తుఫానుల కాలం సెప్టెంబర్ 10 ప్రాంతంలో ముమ్మరంగా ఉన్నా, నవంబర్ 30 దాకా అది ముగిసినట్టు కాదు.

అందుకే మీరు ఉత్తరంగా ఐ-77 మీద వెస్ట్ వర్జీనియా దాటి ఒహాయో వైపు వచ్చే దారి కూడా చూసి పెట్టుకోండి. అత్తగారు ఉన్నారు కాబట్టి దారిలో ఒక రాత్రి ఆగండి. ఆ గదిని చివరి రోజు దాకా ఉచితంగా రద్దు చేసుకునే వీలుతో తీసుకోండి. ఇండియానా, ఒహాయో నదీ లోయల్లో ఈ కాలంలో తెల్లవారుజామున పొగమంచు దట్టంగా పడుతుంది. ఎండ వచ్చాకే బయలుదేరండి.

వేదిక బృందం నుంచి:

నిమజ్జనం ఆరుబయటే చేద్దామా? అక్టోబర్ 10న ఇక్కడ సుమారు 6:20కి పొద్దు కుంకుతుంది. ఆ తరువాత 50 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపుకు దిగితే, హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు పట్టుచీరలతో నిలబడలేరు.

రవాణా బృందం నుంచి:

ఆట 4 గంటలకు మొదలుపెట్టి, వెలుతురు ఉండగానే నిమజ్జనం చేద్దాం. శాలువాలు ఒక పెట్టె నిండా తెప్పించండి.

ఇక ఏ సమాచారం నమ్మాలన్నది. ఫోనులో పదో రోజుకు కనిపించే వాన గుర్తు చూసి ఎవరూ టికెట్లు మార్చుకోవద్దు. అమెరికా వాతావరణ శాఖలోని క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్ ఇచ్చే 8 నుంచి 14 రోజుల అంచనా ఫలానా రోజు వాన పడుతుందని చెప్పదు. మామూలుకన్నా తడిగానో వెచ్చగానో ఉండే అవకాశం ఎంతో చెబుతుంది, అంతే. దాన్ని సెప్టెంబర్ 28న చూస్తాను. అక్టోబర్ 3 నుంచి తుఫానులను గమనించే నేషనల్ హరికేన్ సెంటర్ ఇచ్చే ఏడు రోజుల అంచనా చిత్రాన్ని రోజూ చూస్తాను. బుధవారం, 7వ తేదీ రాత్రి 8 గంటలకు ఎవరు ముందే బయలుదేరాలో ఇక్కడే రాస్తాను. తుఫాను గాని, పెద్ద గాలివాన గాని ఖాయమైతే విమాన సంస్థలు అదనపు రుసుము లేకుండా తేదీ మార్చుకోనిస్తాయి. ఆ ప్రకటన రాగానే మార్చుకోండి, రద్దయ్యేదాకా ఆగితే సీట్లు ఉండవు. విమానమే రద్దయి మీరు ప్రయాణం మానుకుంటే, కారణం వాతావరణమైనా డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే. హోటల్ ఖర్చు మాత్రం వాళ్లు ఇవ్వాలనే నియమం లేదు.

గురువారం రాత్రి నుంచే అతిథులను ఇంట్లో ఉంచుకోగలవారు ఎందరిని ఉంచుకోగలరో ఈ ఆదివారంలోగా ఇక్కడ రాయండి. ముందుగా డాలస్ బృందానికి, షార్లెట్ అత్తగారికి మెట్లు ఎక్కనవసరం లేని గదులు కావాలి.




పూల బృందం నుంచి:

మా ఇంట్లో కింది అంతస్తులో రెండు గదులున్నాయి. ఒకటి అత్తగారికి, ఒకటి పాటల బృందంలో పెద్దావిడకు రాసుకోండి అన్నా.