వాట్సాప్ కోడ్ చెప్పేస్తే వెనక్కి దారుందా?

ప్రశ్న: తెలిసినవాళ్ల నంబర్ నుంచే "పొరపాటున నీకు కోడ్ వచ్చింది, కాస్త పంపవా" అని మెసేజ్. ఆ 6 అంకెలు చెప్పేస్తే ఏం చేయాలి?

జవాబు 1: అది మీ నంబర్‌ని వేరే ఫోన్లో ఎక్కించే కోడ్. అడిగేది మీ స్నేహితుడు కాదు, అతని అకౌంట్ కొట్టేసినవాడు. వెంటనే మీ ఫోన్లో మళ్లీ రిజిస్టర్ చేయండి. కొత్త కోడ్ కొట్టగానే వాడు లాగౌట్ అవుతాడు.

జవాబు 2: ఈలోపు వాడు టూ-స్టెప్ పిన్ (కోడ్ కొట్టాక అదనంగా అడిగే రహస్య నంబర్) పెట్టేస్తే మీరు లోపలికి వెళ్లడానికి 7 రోజులు పడుతుంది. అయినా కోడ్ కొట్టండి, వాడైతే బయటికి పోతాడు. ఆ పిన్ ముందే మీరు పెట్టుకోవాల్సింది: సెట్టింగ్స్, అకౌంట్, టూ-స్టెప్ వెరిఫికేషన్. ఈమెయిల్ కూడా ఇవ్వండి (చాలామంది వదిలేసేది ఇదే).

జవాబు 3: ఎవరో ఇచ్చిన 8 అక్షరాల కోడ్‌ని మీ ఫోన్లో కొట్టినా ముప్పే. అది వాళ్ల డివైస్‌ని మీ అకౌంట్‌కి కలిపే (లింక్ చేసే) కోడ్. పిన్‌తో పన్లేకుండా చాట్లు వాళ్లకి తెరుచుకుంటాయి. లింక్డ్ డివైసెస్‌లో తెలియనిది ఉంటే తీసేయండి.