సమస్యాపూరణం: గుడిని లద్ది వేయ శుభము గుఱ్ఱమునకు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి పద్యంలో. ఇచ్చినది చివరి పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి.

గుడిని లద్ది వేయ శుభము గుఱ్ఱమునకు

చూడగానే "అపచారం" అని లేవకండి. ఇటలీలోని సియెనాలో ఏటా జూలై 2న, ఆగస్టు 16న పాలియో అనే గుర్రప్పందెం జరుగుతుంది. ఊళ్లో 17 పేటలు ఉంటే ఒక్కో పందెంలో పదింటికే చోటు. పందెం రోజు మధ్యాహ్నం పేటవాళ్లు తమ గుర్రాన్ని ఏకంగా చర్చిలోకే నడిపించుకెళ్లి దీవెన ఇప్పిస్తారు. పాదిరి "వెళ్లు, గెలిచి రా" అంటాడు. ఆ కాసేపట్లో గుర్రం అక్కడే లద్ది వేసిందా, ఇక గెలుపు మనదే అని పేటంతా సంబరం. ఇందులో నా కల్పన ఏమీ లేదు.

తిండి కూడా తగిలించిన పూరణకు నా ఓటు ముందే వేసేశాను.

పాతపెంకు:

ఇటలి సీయెన పేటల నెలమితోడ
గుఱ్ఱమును దీవెనలకంచుఁ గొనుచుఁ బోవ
నర్చకుఁడు నవ్వెఁ గినియక, యందఱనిరి
గుడిని లద్ది వేయ శుభము గుఱ్ఱమునకు

నిర్వాహకుడు:
బాగుంది పాతపెంకు గారూ. "కినియక" అన్న ఒక్క మాటలో అర్చకుడి ముఖం కనిపించింది. "సియెనా" గణం కోసం "సీయెన" అయింది, పరదేశపు పేర్లకు ఆ మాత్రం చొరవ చెల్లుతుంది. అయితే తిండి ఏదండీ? పస్తు పెట్టారు.

గోదారిగట్టు:
తిండి నేను పెడతాను. పందెం ముందు రోజు రాత్రి ప్రతి పేటా వీధిలోనే బల్లలు వేసి విందు చేస్తుంది. కొన్ని పేటల్లో వందలు దాటి వేలమంది కూర్చుంటారు. మధ్యలో పేట పాటలు, రౌతు చేత నాలుగు మాటలు చెప్పించడం, అన్నీ ఉంటాయి.

వీథి పొడవున బల్లల విందు సాగె
పీచి వడ్డింపఁ బాటలు పెల్లుబికెను
తాత మనుమనితోఁ జెప్పె దాఁచకుండ
గుడిని లద్ది వేయ శుభము గుఱ్ఱమునకు

ఛందోబాల:
అన్నయ్యా, "సాగె" అసలు రూపం "సాగెన్", చివర నకారం ఉన్న ద్రుతాంతం కదా. తర్వాతి పకారానికి సరళాదేశం వచ్చి బకారం కావాలి. "సాగెఁ బీచి" అనాలేమో?

గోదారిగట్టు:
అంటే పీచి కాస్తా బీచి అవుతుంది తల్లీ. సియెనాకు సముద్రం ఎక్కడిది? సాగెతో వాక్యం ఆగింది, పీచితో కొత్త వాక్యం మొదలైంది. అందుకే వదిలేశాను.

నిర్వాహకుడు:
వాక్యం ముగిసిన చోట సరళం పట్టుబట్టనక్కర్లేదు. అలాగే ఉంచండి. పీచి ఎరగనివాళ్ల కోసం: గోధుమపిండిలో నీళ్లు పోసి ముద్ద చేసి, ముక్కలు కోసి, ఒక్కో ముక్కనూ బల్ల మీద అరచేత్తో పేనుకుంటూ పోవాలి. సేమియా కంటే చాలా లావు, చేత్తో చేసినది కాబట్టి ఒక చోట సన్నం, ఒక చోట మందం. వెల్లుల్లి దండిగా వేసిన టమాటా గుజ్జుతోనో, నూనెలో వేయించిన రొట్టె పొడితోనో కలిపి తింటారు. మన నాలుకకు రొట్టె పొడిదే నచ్చుతుందని నా అభిప్రాయం.

మలక్‌పేట మాస్టారు:
మా రేస్‌కోర్సులో రౌతు పడిపోతే గుర్రం లెక్కలోంచి పోయినట్టే. అక్కడ అలా కాదు. జీను లేకుండా ఎక్కుతారు, మలుపులో రౌతు జారిపోయినా గుర్రం ఒక్కటే ముందొస్తే గెలుపు పేటదే. పందెం కాసే కౌంటర్లూ ఉండవు, గెలిస్తే దక్కేది రంగులు వేసిన పట్టు జెండా.

రౌతు పడిపోయినను గాని రాచఠీవి
నొంటిగానె మూడవ చుట్టు నుఱికి గెలిచె
మొన్న చర్చిలోఁ జేసిన పుణ్యమేమొ
గుడిని లద్ది వేయ శుభము గుఱ్ఱమునకు

ఛందోబాల:
మాస్టారూ, మూడో పాదంలో "మొ"కు "పు" యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు:
ముకార యతి ఉంది కదమ్మా, పు ఫు బు భు లకు ము చెల్లుతుంది. నాకు అడ్డు తగిలింది యతి కాదు, "మొన్న". దీవెన జరిగేది పందెం రోజే. "మున్ను చర్చిలో" అంటే అర్థమూ కుదురుతుంది, యతి దగ్గర అనుమానమూ ఉండదు. రెండో పాదం మాత్రం అదిరింది.

ఇల్లాలి కలం:
నాది క్రమాలంకారం. చివరి పాదంలోని ముక్కలే వరసగా జవాబులు.

ఎచట దీవెన? యేమైన నెగురు జనము?
ఏమి యగునని నమ్ముదు రెల్లవారు?
దేనికిత్తురు తొలిపీఁట తిండివేళ?
గుడిని, లద్ది వేయ, శుభము, గుఱ్ఱమునకు

గోదారిగట్టు:
అక్కా, చివరి ప్రశ్నకు జవాబు నిజంగానే గుర్రమా?

ఇల్లాలి కలం:
నిజంగానే తమ్ముడూ. గెలిచిన పేట శరత్కాలంలో గెలుపు విందు చేస్తుంది. దానికి గుర్రమే ముఖ్య అతిథి. తొట్టి పెట్టి దాని దాణా దానికి వడ్డిస్తారు, జనం తమ పళ్లేల్లో తాము తింటారు. "కవల్లూచ్చి" అని తేనె, అక్రోట్లు, సోంపు వేసిన బిస్కెట్లున్నాయి, పేరుకు చిన్న గుర్రాలు. వాటినీ ఇరికిద్దామనుకున్నాను, ఏ గణంలోనూ ఇమడలేదు.

పాతపెంకు:
అంతా బాగానే ఉంది కానీ పందెపు దారిలోని సాన్ మార్తీనో మలుపులో గోడకు పరుపులు కట్టేది ఎందుకో కూడా ఎవరైనా రాయాల్సింది. గుర్రాలు కాళ్లు విరిగి చచ్చిన సందర్భాలున్నాయి, జంతుప్రేమికులు ఏళ్లుగా గొడవ చేస్తున్నారు.

నిర్వాహకుడు:
రాయాల్సిందే. మీరే రాయండి, గడువు దాటినా వేస్తాను.

ఈ వారం నా ఓటు ఇల్లాలి కలం గారికి. పాదాన్ని నాలుగు ముక్కలు చేసినా ఒక్క అక్షరం మార్చలేదు. అపచారం అనుకున్న మాట జవాబుల వరసలో పడేసరికి గొడవే లేదు. "తిండివేళ" బదులు "విందువేళ" అయితే ఇంకా నిండుగా ఉండేది, "దే"కు "వి" యతి కుదరదు కాబట్టి ఇదే మేలు. విందు వాతావరణానికైతే గోదారిగట్టు గారిదే పైచేయి.

వచ్చే వారానికి:

కడకు వచ్చిన గుఱ్ఱమే ఘనత నందె

చిన్న సూచన. మంగోలియాలో జూలై 11 నుంచి నాదం పండుగ. రెండేళ్ల గుర్రాల పందెంలో ఆఖరున వచ్చిన దానికి ప్రత్యేకంగా ఒక పాట పాడి, వచ్చే ఏడు నువ్వే ముందుంటావని దీవిస్తారు. మాంసం కూరి నూనెలో కాల్చిన ఖూషూర్, పులిసిన గుర్రపు పాలు ఐరగ్, రెండూ ఆ మైదానంలోనే దొరుకుతాయి. శాకాహారులు పాలతో సరిపెట్టుకోవచ్చు. పూరణలు శనివారం రాత్రిలోగా.