ఆట శబ్దం ఒక్కటే విడిగా రికార్డు కావాలంటే ఏం చేయాలి?

రాత్రిఆట (ప్రశ్న)

నమస్కారం. నేను విండోస్ 11 కంప్యూటరులో ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగు ప్రోగ్రాముతో ఆటలు రికార్డు చేస్తుంటాను. కథ ప్రధానంగా సాగే ఆటలు కాబట్టి వాన చప్పుడు, అడుగుల సవ్వడి, పాత్రల గుసగుసలు స్పష్టంగా వినిపించడం నాకు ముఖ్యం. నిన్న రెండు గంటలపాటు ఆడి రికార్డు చేసిన ఫైలును తెరిచి చూస్తే, డిస్కార్డు అనే వాయిస్ చాట్ ప్రోగ్రాములో మిత్రుల మాటలు, మధ్యమధ్య మోగిన నోటిఫికేషన్లు, బ్రౌజరులో ఆపడం మరచిన పాట, గదిలోని ఫ్యాను హోరు, నా కీబోర్డు టకటకలు అన్నీ ఆట శబ్దంతో కలిసి ఒకే ట్రాకులో (శబ్దపు వరుసలో) ఉన్నాయి. మిత్రుల మాటలు అసలే వద్దని కాదు, కావలసిన చోట ఉంచి అక్కరలేని చోట తీసివేయగలిగితే చాలు. ఇంకొక వింత ఏమిటంటే, మిత్రులు మాట్లాడటం మొదలుపెట్టగానే ఆట శబ్దం దానంతటదే బాగా తగ్గిపోతోంది. దీనికి కారణం ఏమిటి? పాడైన ఆ రెండు గంటల రికార్డింగును బాగుచేసుకునే దారి ఏదైనా ఉందా?

తీగలచిక్కు

మీ సమస్య ఒకటి కాదు, రెండు. డిస్కార్డు, బ్రౌజరు, నోటిఫికేషన్ల శబ్దాలు కంప్యూటరు లోపలే కలుస్తున్నాయి. ఫ్యాను, కీబోర్డు శబ్దాలు మైకు ద్వారా వస్తున్నాయి. వీటి మందులు వేరువేరు. నేను మొదటిదాని గురించే చెబుతాను.

ఓబీఎస్‌లో మొదటినుంచీ ఉండే ‘డెస్క్‌టాప్ ఆడియో’ మీ హెడ్‌ఫోన్లకు వెళ్లే మొత్తం మిశ్రమాన్ని తీసుకుంటుంది. ఏ శబ్దం ఏ ప్రోగ్రాముదో దానికి తెలియదు, ఎందుకంటే విండోస్ వాటన్నిటినీ కలిపేసిన తరువాతే అది వింటోంది. అందువల్ల కలవక ముందే, ప్రోగ్రాము దగ్గరే పట్టుకోవాలి. 2022లో వచ్చిన ఓబీఎస్ 28 నుంచి ‘అప్లికేషన్ ఆడియో క్యాప్చర్’ అనే సోర్సు (రికార్డింగులోకి శబ్దాన్ని తెచ్చే మార్గం) ఇందుకోసమే ఉంది. సోర్సుల జాబితాలో దాన్ని చేర్చి మీ ఆట విండోను ఎంచుకోండి, అదే రకం సోర్సును ఇంకొకటి చేర్చి డిస్కార్డును ఎంచుకోండి. బ్రౌజరుకు ఏదీ చేర్చకపోతే ఆ పాట రికార్డింగులోకి రానే రాదు. విండోను గుర్తుపట్టే పద్ధతి అని అక్కడే ఒక ఎంపిక ఉంటుంది. కొన్ని ఆటలు స్థాయి మారినప్పుడల్లా విండో శీర్షికను మార్చుకుంటాయి కాబట్టి, శీర్షిక కలవకపోతే అదే ప్రోగ్రాముకు చెందిన మరో విండోను వెతికే పద్ధతిని పెట్టుకోవడం మేలు.

తరువాత ‘అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్’ తెరిస్తే ప్రతి సోర్సుకు ఎదురుగా 1 నుంచి 6 వరకు ట్రాకుల గడులు కనిపిస్తాయి. ఆటకు 2, డిస్కార్డుకు 3, మైకుకు 4 కేటాయించి, 1వ ట్రాకులో మూడింటినీ ఉంచండి. చాలా వీడియో ప్లేయర్లు మొదటి ట్రాకునే వినిపిస్తాయి కాబట్టి, ఎడిటింగుకు ముందు ఫైలును ఒకసారి చూసుకోవడానికి ఆ మిశ్రమం పనికొస్తుంది. సెట్టింగుల్లోని అవుట్‌పుట్ విభాగంలో అడ్వాన్స్‌డ్ పద్ధతికి మారి, రికార్డింగు కింద కూడా ఆ నాలుగు ట్రాకులనూ టిక్కు పెట్టాలి. ఇది మరచిపోయి మూడు గంటల ఆటను ఒకే ట్రాకులో దక్కించుకున్న అనుభవం నాకూ ఉంది. ఫైలును ఎంకేవీ రూపంలో భద్రపరిస్తే మధ్యలో ప్రోగ్రాము ఆగిపోయినా అప్పటివరకు రికార్డయిన భాగం చేతిలో ఉంటుంది.

ఆట శబ్దం తగ్గిపోవడం ఓబీఎస్ వల్ల కాదు. విండోస్ సౌండు సెట్టింగుల్లో ‘కమ్యూనికేషన్స్’ అనే ట్యాబు ఉంటుంది. కాల్ నడుస్తోందని గమనించినప్పుడు మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించాలన్నది అక్కడ ముందే ఎంపికై ఉన్న ఆదేశం. దాన్ని ‘ఏమీ చేయవద్దు’కు మార్చండి. డిస్కార్డులోనూ ‘అటెన్యుయేషన్’ పేరుతో ఇలాంటి సెట్టింగే ఉంది, అది సున్నాలో ఉందో లేదో చూడండి.

రాత్రిఆట

ధన్యవాదాలు. ట్రాకులు విడివిడిగా వచ్చాయి, శబ్దం తగ్గడం కూడా ఆగింది. కాని మొదటి ట్రాకులో ఆట శబ్దం ఏదో గొట్టంలోంచి వస్తున్నట్టు డొల్లగా వినిపిస్తోంది. రెండో ట్రాకును ఒంటరిగా వింటే మాత్రం బాగానే ఉంది.

తీగలచిక్కు

మీరు డెస్క్‌టాప్ ఆడియోను ఆపలేదన్నమాట. ఒకే శబ్దం రెండు దారుల్లో, కొన్ని మిల్లీసెకన్ల తేడాతో వచ్చి కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆ డొల్లతనం అదే. సెట్టింగుల్లోని ఆడియో విభాగంలో డెస్క్‌టాప్ ఆడియోను ‘డిసేబుల్డ్’ చేయండి. ఈ సలహా ముందే చెప్పకపోవడం నా తప్పు.

గుసగుస

మైకు సంగతి నేను చెబుతాను. స్పీకర్లలో శబ్దం వింటూ ఆడితే, పై ఏర్పాట్లన్నీ చేసినా ఆట శబ్దం మైకులోకి తిరిగి దూరుతుంది. కాబట్టి హెడ్‌ఫోన్లు తప్పనిసరి, అవి కూడా చెవిని పూర్తిగా మూసేవైతే మంచిది. బ్లూటూత్ హెడ్‌సెట్ అయితే దాని మైకును వాడకండి. ఆ మైకు తెరుచుకోగానే చాలా హెడ్‌సెట్లు ఫోను కాల్ కోసం ఉద్దేశించిన పద్ధతికి మారిపోతాయి, అప్పుడు మీరు వినే ఆట శబ్దం కూడా స్టీరియో పోయి పాత టెలిఫోనులా మారుతుంది.

మీ మైకు కార్డియాయిడ్ రకమైతే అది ముందువైపు బాగా, వెనుకవైపు అతి తక్కువగా వింటుంది. కీబోర్డు గానీ ఫ్యాను గానీ మైకు వెనుకవైపు పడేలా అమర్చి, మైకును నోటికి ఒక జానెడు దూరంలోకి తెచ్చుకుని, ఆ మేరకు గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) తగ్గిస్తే ఫిల్టర్లు చేసే పనిలో సగం అక్కడే పూర్తవుతుంది. ఆ తరువాతే ఓబీఎస్ ఫిల్టర్ల జోలికి వెళ్లాలి. మొదట నాయిస్ సప్రెషన్, అందులో ఆర్‌ఎన్‌నాయిస్ పద్ధతి. ఫ్యాను వంటి ఎడతెగని హోరును అది చక్కగా తీసివేస్తుంది. దాని తరువాత నాయిస్ గేట్. అందులో ముందే ఉండే విలువల ప్రకారం శబ్దం మైనస్ 26 డెసిబెల్స్ దాటితే తలుపు తెరుచుకుంటుంది, మైనస్ 32 కన్నా తగ్గితే మూసుకుంటుంది. మీ గొంతుకు అవి ఎక్కువనిపిస్తే, మాటల చివరి అక్షరాలు తెగిపోకుండా ఉండేంతవరకు దించుకోండి. అయితే మీరు మాట్లాడుతున్నప్పుడు తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి, మాటల నడుమ పడే కీబోర్డు చప్పుడును గేటు ఆపలేదు.

ఈ ఫిల్టర్లను పొరపాటున కూడా ఆట ట్రాకుకు పెట్టకండి. ఆర్‌ఎన్‌నాయిస్‌కు మనిషి గొంతు తప్ప మిగతాదంతా చెత్తే. మీకు ఇష్టమైన వానను అది మొట్టమొదట ఊడ్చేస్తుంది.

పాతయంత్రం

నా కంప్యూటరులో విండోస్ 10 పాత వెర్షను ఉన్నందున అప్లికేషన్ ఆడియో క్యాప్చర్ నాకు అందుబాటులో లేదు. అటువంటివారికి వీబీ-కేబుల్ వంటి వర్చువల్ ఆడియో కేబుల్ (ఒక ప్రోగ్రాము శబ్దాన్ని మరో ప్రోగ్రాముకు చేర్చే సాఫ్ట్‌వేరు తీగ) ఉంది. విండోస్ సౌండు సెట్టింగుల్లో ఆట అవుట్‌పుట్‌ను ఆ కేబులుకు మళ్లించి, ఓబీఎస్‌లో ఆ కేబుల్ రెండో కొసను ఇన్‌పుట్‌గా చేర్చి, మీకు కూడా వినిపించడానికి ‘మానిటర్ అండ్ అవుట్‌పుట్’ ఎంచుకోవాలి. శబ్దం ఓబీఎస్ చుట్టూ తిరిగి చెవికి చేరుతుంది కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది. కథల ఆటలో దాన్ని భరించవచ్చు గాని, తుపాకుల ఆటలో చిరాకు తెప్పిస్తుంది. అన్ని పరికరాల శాంపిల్ రేటునూ (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్కను) 48 కిలోహెర్ట్జ్ వద్దే ఉంచడం మరచిపోవద్దు.

ఏ పద్ధతికీ లొంగనిది ఒకటుంది: ఆటలోనే అంతర్భాగంగా ఉన్న వాయిస్ చాట్. అది కూడా ఆట ప్రోగ్రామే వినిపిస్తోంది కనుక రెండింటినీ విడదీయలేము. ఆట సెట్టింగుల్లో దాన్ని ఆపివేసి మాటలకు డిస్కార్డు వాడుకోవడమే దారి.

గుసగుస

పాడైన రికార్డింగు గురించి ఎవరూ చెప్పలేదు. డెమక్స్ వంటి శబ్ద విభజన సాధనాలు పాటలోంచి గొంతును, వాద్యాలను విడదీయడానికి తయారైనవి. మీ ఫైలుపై ప్రయోగిస్తే గొంతులను చాలావరకు పక్కకు తీస్తాయి, కాని మిత్రుల గొంతులతోపాటు పాత్రల గొంతులూ వెళ్లిపోతాయి. పాత్రలు మౌనంగా ఉండే దృశ్యాలకే అది పనికొస్తుంది. సంభాషణలున్న చోట, ఆ దృశ్యానికి ముందు సేవ్ చేసిన చోటినుంచి మళ్లీ ఆడి, కొత్త ఆట ట్రాకును పాత వీడియో మీద అతికించడం తక్కువ శ్రమ.

రాత్రిఆట

డెస్క్‌టాప్ ఆడియో ఆపాక డొల్లతనం పోయింది. ఇరవై సెకన్లు రికార్డు చేసి ఒక్కొక్క ట్రాకునూ విడిగా విన్నాను: రెండోదాంట్లో వాన తప్ప మరేదీ లేదు. నాలుగోదాంట్లో ఫ్యాను పోయింది గాని కీబోర్డు ఇంకా వినిపిస్తోంది. మైకును రేపు పక్కకు జరిపి చూస్తాను. సంభాషణల దృశ్యాలు మూడే ఉన్నాయి కాబట్టి వాటిని మళ్లీ ఆడతాను.