వంతెన పక్కన నిలబెట్టే విగ్రహానికి కొలతలు ఎలా మార్చుకోవాలి?

ప్రశ్న (ఒంగోలు నుంచి):
నేను చాలా ఏళ్లుగా సిమెంటు, ఫైబర్ విగ్రహాలు చేస్తున్నాను. తొలినాళ్లలో చేసిన ఒక నిలువెత్తు విగ్రహం కూడలిలో 3 అడుగుల దిమ్మె మీద ఉండేది. పక్కన టీ తాగేవారు తలెత్తితే ఆ ముఖం కళ్లెదుటే ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని పార్కు మూలకు తరలించి, 12 అడుగుల దిమ్మె మీద పెట్టారు, పక్కనే వంతెన కూడా వచ్చింది. ఇప్పుడు కింద నిలబడితే గడ్డం కింది భాగం, వంతెన ఎక్కితే నడినెత్తి మాత్రమే కనిపిస్తున్నాయి. చేసిన చేతికి అది భరించరాని బాధ. అలాంటి చోటుకే మరో విగ్రహం అడిగారు కాబట్టి పెద్దల సలహా కోరుతున్నాను.

జవాబు (నెల్లూరు నుంచి):
ఈ చిక్కు మన స్థపతులకు కొత్త కాదండీ. ముఖం పొడవును ఒక తాళంగా తీసుకుని, నిలువెత్తును తొమ్మిది తాళాలుగానో పది తాళాలుగానో విభజించడం శిల్పశాస్త్రం చెప్పిన పద్ధతే అయినా, బొమ్మ ఎక్కడ నిలుస్తుందో చూసుకుని చేయి మార్చుకోవడం పనివాడి బాధ్యత. ఎత్తైన గోపురాల పై అంతస్తుల్లోని సుధ (సున్నపు గార) బొమ్మలను దగ్గరగా చూస్తే కళ్లు, పెదవులు మోటుగా ఉంటాయి; వీధిలోంచి చూసినప్పుడే అవి కుదురుగా కనిపిస్తాయి. మీరూ తలను కాస్త పెద్దది చేసి, కొద్దిగా ముందుకు వంచి, కంటి గుంటలను లోతుగా తీయండి. ఇంకొక మాట. 12 అడుగుల దిమ్మె మీద 9 అడుగుల విగ్రహాన్ని మెడ నొప్పి లేకుండా చూడాలంటే దాదాపు 40 అడుగులు వెనక్కి జరగాలి, కానీ ఆ 40 అడుగుల్లో ఇప్పుడు లారీలు తిరుగుతున్నాయి.

జవాబు (చీమకుర్తి నుంచి):
తల పెంచడంతో సరిపోతుందని నేను అనుకోను. నడిచే మనిషి ముఖం చూస్తాడు, బస్సులో వెళ్లే మనిషికి ఆకారం మాత్రమే అందుతుంది. చెన్నై మెరీనాలో దేవీప్రసాద్ రాయ్‌చౌధురి చేసిన శ్రామిక విజయ శిల్పాన్ని చూడండి. 1959లో నెలకొల్పిన ఆ శిల్పంలో నలుగురు మనుషులు బండను కదిలిస్తుంటే, ముఖాలు ఆనకపోయినా వంగిన నడుములే విషయం చెబుతాయి.

రాతిలో చేస్తే మా గెలాక్సీ రాయిని (నల్ల గ్రానైటును) తొందరపడి మొత్తం పాలిష్ చేయించకండి. పాలిష్ పట్టిన ముఖంలో ఆకాశం, వాహనాలు అద్దంలో లాగా కనబడి బుగ్గల వంపు మాయమవుతుంది. ఉలి దెబ్బ పడిన చోట అదే రాయి బూడిద రంగుకు తిరిగి నీడను పట్టుకుంటుంది కాబట్టి ముఖానికి ఉలి పని ఉంచి, పంచెకు, కండువాకు మాత్రం మెరుపు ఇవ్వండి. రహదారులు, కాలిబాటల మీద విగ్రహాలు పెట్టడానికి అనుమతించరాదని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది గనుక, స్థలం కాగితాలు చూడకుండా పని మొదలుపెట్టవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ నమస్కారాలు. పావు కొలతలో మట్టి నమూనా చేసి, నిచ్చెన మీద పెట్టి కింద నుంచి చూశాను. తల వంచగానే చూపు నాకు అందింది. దిమ్మెను 4 అడుగులకు తగ్గించమని రాసి ఇచ్చాను, ఒప్పుకున్నారు. అయినా ఆ వంపును తీయడం లేదు, ఎందుకంటే అక్కడ బస్సు కోసం నిలబడేవారి కోసమే నేను ఈ ముఖాన్ని చేస్తున్నాను.