ఫోటోల నుంచి మెషీన్ చెక్కిన విగ్రహం శిల్పమేనా?

పెద్దబ్బాయి, ఒంగోలు:
నాన్న సంవత్సరీకానికి విగ్రహం చేయిస్తున్నాం. చీమకుర్తి రాయే కావాలంది అమ్మ. పాత ఫోటోల నుంచి త్రీడీ మోడల్ కట్టి, కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషీన్‌తో చెక్కిస్తానని ఒకాయన అంటున్నాడు. మా బాబాయేమో "అది శిల్పం కాదురా, జిరాక్సు" అంటున్నాడు. రోజూ ఇదే గోల. మీరేమంటారు?

మలైకాజా, నెల్లూరు:
ఇదేం కొత్త కాదన్నా. 1860ల్లోనే పారిస్‌లో ఫ్రాన్స్వా విల్లెమ్ అనే ఆయన మనిషిని మధ్యలో నిలబెట్టి, చుట్టూ 24 కెమెరాలతో ఫోటోలు తీసేవాడు. ఒక్కో ఫోటోను తెర మీద వేసి, పాంటోగ్రాఫ్ అనే జంట కొనల పరికరంతో అంచు వెంట గీస్తుంటే, దాని రెండో కొన అదే వంపును మట్టిలో కోసేది. దాన్ని ఫోటోశిల్పం అనే పిలిచారు. ఇప్పుడా పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది, అంతే. ఫ్రెంచి శిల్పి రోడిన్ పాలరాతి బొమ్మలు కూడా ఎక్కువగా సహాయకులు చెక్కినవే. అవీ జిరాక్సులేనా?

ఉలిదెబ్బ:
రోడిన్ ముందు తన చేత్తో మట్టిలో చేసేవాడు కదా సామీ! విల్లెమ్ దగ్గరైతే మనిషి ఎదురుగా నిలబడ్డాడు. ఇక్కడ మనిషి లేడు. ఇంట్లో ఉండేవి ఆధార్ ఫోటో, పెళ్ళిళ్ళలో గ్రూప్ ఫోటోలు. అన్నీ ముందు నుంచి తీసినవే. వెనక తల ఎవరైనా ఫోటో తీయించుకుంటారా? అది కంప్యూటర్ ఊహించి పెడుతుంది. ముందు మీ నాన్న, వెనక ఎవరో! శిల్పీ ఊహిస్తాడు, కాదనను. కానీ ఇంటికొచ్చి మీ అమ్మను అడుగుతాడు.

రాతిగని:
మీ వాదన మీది, రాయి సంగతి వినండి. మీరడిగే చీమకుర్తి నల్లరాయి, అదే బ్లాక్ గెలాక్సీలో, బంగారు చుక్కలు బ్రాంజైట్ ఖనిజం. అద్దంలా పాలిష్ పెట్టారా, ముక్కు మీదా కంటి మీదా అవే మెరిసి ముఖం ఆనదు. ఎవరు చెక్కినా ముఖానికి పాలిష్ వద్దు. మెషీన్ వదిలిన గీతలు తీసి, కళ్ళూ పెదాలూ చేత్తో దిద్దించుకోండి.

మలైకాజా:
వెనక తల దగ్గర నేను ఓడిపోయా. కానీ ఏ ఫోటో తీసుకోవాలి, ఏ వయసు నాన్న కావాలి అని తేల్చేది మెషీన్ కాదుగా. నా లెక్కలో శిల్పం అక్కడే మొదలైంది.

పెద్దబ్బాయి:
వయసు మాటెత్తితే ఇంకో గొడవ. నాకు 40 ఏళ్ళ నాన్న కావాలి, చెల్లికి 60 ఏళ్ళ నాన్న. ఇదంతా అమ్మకు చదివి వినిపించా. వెనక తల దగ్గర నవ్వింది. "మీ నాన్నకు రెండు సుడులు. పెళ్ళిచూపుల నాడు క్రాఫు కింద దాచాడు" అంది. ఇన్నేళ్ళూ నాకు తెలియదు. బాబాయికి కూడా.