మిషనుంది, టైముంది, కానీ చెయ్యి కదలట్లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కుట్టుపని ఎలా మొదలుపెట్టారు?

ముక్కలబుట్ట:
అందరికీ నమస్తే. ట్రీట్‌మెంట్ అయ్యాక ఇంకొన్ని నెలలు జనంలో కలవొద్దన్నారు, అందుకని ఒక్కదాన్నే ఇంట్లో ఉంటున్నా, మనుషులంతా ఫోన్లోనే. ఉద్యోగం చేసేటప్పుడు ఎప్పుడూ అనుకునేదాన్ని కాస్త ఖాళీ దొరికితే ఇది కుట్టాలి అది కుట్టాలి అని, ఇప్పుడు రోజంతా ఖాళీనే, బీరువా నిండా పాత దుప్పట్లు చొక్కాలు ఉన్నాయి, అయినా మిషను ముందు కూర్చుంటే బుర్ర మొద్దుబారిపోతోంది. వీడియోలు చూస్తే ఇంకా నీరసం, వాళ్ళవి అంత నీటుగా ఉంటాయి మరి. దానికి తోడు మిషను కూడా మొరాయిస్తోంది, పైన కుట్టు బాగానే కనిపిస్తుంది, తిప్పి చూస్తే కింద దారం ఉండలు ఉండలుగా చుట్టుకుపోయి ఉంటోంది. కిందిదారం చుట్టే బాబిన్ రెండుసార్లు మార్చి చూశా, అదే తంతు. రిపేర్ మనిషిని ఇప్పుడు ఇంట్లోకి రానివ్వలేను. ఇలా ఒంటరిగా ఉన్న టైంలో కుట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలా మొదలుపెట్టారో చెప్పండి ప్లీజ్.

పాతమిషను_ప్రేమికుడు:
ముందు మిషను సంగతి తేల్చేద్దాం అండి, అది సతాయిస్తుంటే ఎంత మూడ్ ఉన్నా పోతుంది. కింద ఉండలు కడితే అందరూ బాబిన్‌నే తిడతారు గానీ చాలాసార్లు తప్పు పైదారంది. ఫుట్ (సూది దగ్గర బట్టని నొక్కి పట్టేది) దించి దారం ఎక్కిస్తే, దారాన్ని బిగించే టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి పోదు, పైనపైనే ఉండిపోతుంది, ఇక పట్టు లేక కిందకి వదులుగా జారి గుట్టపడుతుంది. ఫుట్ పైకెత్తి, దారం మొత్తం తీసేసి మళ్ళీ మొదట్నించీ ఎక్కించండి. టెస్ట్ ఏంటంటే, ఫుట్ ఎత్తి ఉన్నప్పుడు దారం లాగితే హాయిగా రావాలి, దించాక లాగితే బిగుతుగా తెలియాలి. రెండుసార్లూ ఒకేలా వస్తే దారం బిళ్ళల మధ్యలో లేనట్టే. మొదలుపెట్టేటప్పుడు పైదారం కిందిదారం రెండు కొసలూ వెనక్కి పట్టుకుని నాలుగు కుట్లు పడ్డాక వదలండి.

సూది కూడా మార్చండి, కొద్దిగా వంగినా కుట్లు ఎగిరిపోతాయి. సూది చదునువైపు ఎటుండాలో మిషన్ని బట్టి మారుతుంది, మాన్యువల్ చూసుకోండి. పాత కాటన్ దుప్పట్లకి 14 నంబర్ సరిపోతుంది, మరీ పల్చటి బట్టకి 11. టీషర్టులు మాత్రం మామూలు సూదితో వద్దు, మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది కావాలి.

కచ్చాకుట్టు:
మిషన్ గురించి పైన చెప్పేశారు కాబట్టి నేను రెండోదాని గురించి, అదే ఎలా మొదలుపెట్టాలన్నదాని గురించి. అక్కా, ఖాళీగా ఉన్నావుగా ఏదో ఒకటి చెయ్యి అనేవాళ్ళ మాట పట్టించుకోకండి, ఒళ్ళు బాగోక ఇంట్లో ఉండటం సెలవు కాదు. కుట్టాలనిపించకపోతే విప్పండి. నిజంగానే అంటున్నా. ఒక పాత చొక్కా తీసుకుని సీమ్ రిప్పర్‌తో మెల్లిగా కుట్లు కోసి ముక్కలు చెయ్యండి, కాలర్ ఎన్ని పొరలో, చెయ్యి చంకలో ఎలా కూర్చోబెట్టారో, ఏది ముందు కుట్టి ఏది తర్వాత కుట్టారో అన్నీ తెలుస్తాయి. మంచం మీద కూర్చుని కూడా చేసుకోవచ్చు, చెడిపోతుందనే భయం లేదు, ఎలాగూ పాతదే. ఆ ముక్కల్ని ఇస్త్రీ చేసి పేపర్ మీద గీసుకుంటే మీ సైజు ప్యాటర్న్ (బట్ట కోసుకునే నమూనా) రెడీ, కుట్టుకి వదిలే అంచు అందులోనే ఉంటుంది కాబట్టి మళ్ళీ కలపక్కర్లేదు. ఇస్త్రీపెట్టెని రుద్దకుండా ఎత్తి ఎత్తి అద్దండి, చంక, మెడ దగ్గర క్రాస్‌గా కోసిన అంచులు ఇట్టే సాగిపోతాయి.

బొంతలపిచ్చి:
ఒంటరితనం, కుట్టు అనగానే నాకు చాంగీ బొంతలు గుర్తొస్తాయి. 1942లో సింగపూర్ జపాన్ వాళ్ళ చేతికి వెళ్ళాక అక్కడున్న బ్రిటిష్, ఆస్ట్రేలియన్ లాంటి శత్రుదేశాల ఆడవాళ్ళనీ పిల్లల్నీ చాంగీ జైల్లో పెట్టారు, మగవాళ్ళని వేరుగా ఉంచారు, భర్త బతికున్నాడో లేడో తెలియదు, ఉత్తరం పంపే దారి లేదు. ఎథెల్ మల్వానీ అనే కెనడా ఆవిడ ఒక ఆలోచన చెప్పింది, తలా ఒక చిన్న గుడ్డముక్క తీసుకుని అందులో తన పేరూ తన గుర్తుగా ఏదైనా కుట్టాలి, అన్నీ కలిపి బొంతలు చేసి గాయపడ్డవాళ్ళున్న ఆసుపత్రికి పంపాలి అని. మూడు బొంతలు అయ్యాయి, ఒక్కోదాంట్లో 66 ముక్కలు. మగవాళ్ళ వైపు ఎవరైనా ఆ పేరు చూస్తే మనిషి బతికే ఉందని తెలుస్తుంది కదా. రెండు బొంతలు ఇప్పటికీ ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో ఉన్నాయి.

మీ పరిస్థితిని జైలుతో పోలుస్తున్నానని కాదు, నాకు అందులో నచ్చింది ఆ కొలత. ఎవరూ బొంత మొత్తం కుట్టలేదు, ఒక్క ముక్క కుట్టారు, అదీ ఎవరో చూస్తారని. "ఏదైనా క్రియేటివ్‌గా చెయ్యాలి" అనుకుంటే నాకూ చెయ్యి కదలదు, ఫలానా మనిషికి ఒక ముక్క అనుకుంటే కదులుతుంది. ఫోన్లో రోజూ మాట్లాడే ఫ్రెండ్ ఉంటే ఇద్దరూ ఒకే సైజు ముక్కలు కుట్టండి, తర్వాత కలపొచ్చు. సైజు మాత్రం ముందే గట్టిగా అనుకోండి, చుట్టూ పావు అంగుళం కుట్టుకి వదిలి. బట్ట కూడా ఇద్దరూ ముందే ఉతికి ఆరేసి కొయ్యాలి, లేకపోతే ఒకరిది కుంచించుకుపోయి ఇంకొకరిది అలాగే ఉండి కలిపింది మొత్తం ముడతలు పడుతుంది, అప్పుడు స్నేహం కూడా ముడతలు పడొచ్చు 😄

ముక్కలబుట్ట:
పైదారమే అండి! ఫుట్ ఎత్తి మళ్ళీ ఎక్కించాక కింద శుభ్రంగా వస్తోంది, చాలా చాలా థాంక్స్. ముక్కల ఐడియా మా చెల్లికి చెప్పా, అది సైజు గురించి అప్పుడే వాదన మొదలుపెట్టింది. ఈలోగా ఒక చొక్కా విప్పుతున్నా, కాలర్ లోపల గట్టిగా అతికించిన క్యాన్వాస్ ఉంది, బుడగలు బుడగలుగా లేచింది. మళ్ళీ ఇస్త్రీ చేస్తే అతుక్కుంటుందా?

కచ్చాకుట్టు:
జిగురు పోయుంటుంది అక్కా, అతుక్కున్నా మళ్ళీ ఒక ఉతుక్కి లేస్తుంది. పీకెయ్యండి. దాని బదులు బిగుతు నేత కాటన్ ఒక పొర ఎక్కువ వేసి అంచుల్లో కచ్చాకుట్టు వేసుకోండి, మరీ కర్రలా నిలబడదు గానీ ఇంట్లో వేసుకునే చొక్కాకి అదే మెత్తగా బాగుంటుంది.