486 మదర్‌బోర్డు గడియారానికి ఏ బ్యాటరీ వేయాలి?

నా పాత 486 కంప్యూటర్ మదర్‌బోర్డు మీది 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ కారిపోయింది. కీబోర్డు సాకెట్ పక్కన రాగి గీతలు పచ్చగా చిలుము పట్టాయి. బ్యాటరీ ఊడదీసి, వెనిగర్‌తో తుడిచి, మీటరుతో చూశాను. గీతలేవీ తెగలేదు, అదొక్కటే ఊరట.

బోర్డు నుంచి చార్జింగ్ కరెంటు సోకకుండా 1ఎన్4148 డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) పెట్టి, రీచార్జ్ కాని సీఆర్2032 బిళ్ల బ్యాటరీ కలిపాను. బ్యాటరీ దగ్గర 3.1, డయోడ్ దాటాక 2.5 వోల్టులు. కంప్యూటర్ పది నిమిషాలు ఆపితే టైము చెదరకుండా ఉంటోంది. రాత్రంతా ఆపితే తెల్లారేసరికి సీమాస్ (సెట్టింగులు దాచే మెమరీ) చెక్‌సమ్ ఎర్రర్, హార్డ్ డిస్క్ సెట్టింగులన్నీ మాయం.

అసలు రకం బ్యాటరీ కోఠి గుజరాతీ గల్లీలో ఎంత తిరిగినా దొరకలేదు. కార్డ్‌లెస్ ఫోన్ల 3.6 వోల్టుల నికెల్-మెటల్ హైడ్రైడ్ ప్యాక్ మాత్రం ఉంది. మళ్లీ కారినా బోర్డుకు తగలకుండా వైరుతో దూరంగా పెడతాను. డయోడ్ తీసేసి, ఈ ప్యాక్‌ను నేరుగా పాత బ్యాటరీ స్థానంలో కలపొచ్చా?